మీ కుంట కట్ట ఏ తరగతికి చెందును?
చిన్న మట్టికట్టల భద్రతను గురించి రైతులకు సూచనలు



బాన్సువాడ ప్రాంతమున నీటిని గురించి మాటలాడినచో మొదట జ్ఞాపకమునకు వచ్చునది నిజాంసాగరు. మంజీర నదిపై 1923లో పని మొదలై 1931లో పూర్తియైన ఆ జలాశయము మన ప్రాంతపు వరికి, చెరకుకు ఆధారమైనది. అంతకు ముందే, 1922లో, నాగిరెడ్డిపేట ప్రక్కన పోచారము జలాశయము పూర్తి అయినది. ఇట్టి పెద్ద కట్టడములను చూచుకొనుటకు ఇంజనీర్లు ఉన్నారు, లస్కర్లు ఉన్నారు, కొలతలు వ్రాయు పుస్తకములు ఉన్నవి. కాని కాలువ ఎక్కని మెరక పొలములలో రైతులు తమ పట్టా భూమిలో, తమ సొమ్ముతో వేసికొన్న కుంటల సంగతి ఏమి? వాటికి కట్ట వేసినవాడే ఇంజనీరు, అతడే నీరటి, అతడే యజమాని. ఆ కట్ట తెగినచో జవాబు చెప్పవలసినవాడును అతడే.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన అతివృష్టి మనకు ఇంకను జ్ఞాపకమున్నది. కొన్నిచోట్ల ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన పడినది. చెరువులు తెగినవి, రోడ్లు కొట్టుకుపోయినవి, రైలు పట్టాల క్రింద మన్ను కరగిపోయినది. ఇట్టి వాన మరల రాదని ఎవరును హామీ ఇవ్వజాలరు. కావున సొంత కుంట గల ప్రతి రైతు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది: నా కట్ట తెగినచో దిగువన ఎవరికి ఏమగును? రెండవది: నా కట్ట తెగకుండ నేను చేయవలసినది ఏమి? ఈ పాఠము ఆ రెండు ప్రశ్నలను గురించినదే.

1. చట్టము ఎంతవరకు వచ్చును?

మన దేశమున ఆనకట్టల భద్రతా చట్టము 2021లో వచ్చినది. 15 మీటర్లకు, అనగా సుమారు 49 అడుగులకు మించిన ఎత్తు గల ఆనకట్టలన్నియు దాని క్రిందికి వచ్చును. 10 నుండి 15 మీటర్ల ఎత్తు గలవి కొన్ని షరతులకు లోబడి మాత్రమే వచ్చును. కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకుండుట, నిలువ 10 లక్షల ఘనమీటర్లకు తగ్గకుండుట మొదలైనవి ఆ షరతులు. ఒక రైతు తన పొలములో వేసికొన్న 8, 10 అడుగుల కట్ట ఈ లెక్కలలో ఎక్కడను కనబడదు.

దీని అర్థము చిన్న కట్టకు ప్రమాదము లేదని కాదు. దానిని ప్రభుత్వ ఇంజనీరు ఏటేటా వచ్చి చూడడని మాత్రమే. కనుక చూడవలసిన బాధ్యత యజమానిపైననే మిగులుచున్నది.

2. ముప్పు తరగతి అనగా నేమి?

చాలమంది ఇక్కడ ఒక పొరపాటు పడుదురు. ముప్పు తరగతి అనగా కట్ట ఎంత గట్టిగా ఉన్నదను విషయము కాదు; కట్ట తెగినచో దిగువన జరుగు నష్టము ఎంత అను విషయము. ఈ రెండును వేర్వేరు.

ఒక ఉదాహరణ తీసికొందము. ఒకే కొలతలతో రెండు కుంటలు ఉన్నవనుకొనుడు. మొదటి దాని కట్ట నిరుడే వేసినది, రాతి పరుపుతో చక్కగా ఉన్నది. కాని దాని క్రింద అర కిలోమీటరు దూరమున పది ఇండ్లు కలవు. రెండవ దాని కట్ట పాతది, అక్కడక్కడ కోసికొనిపోయినది. కాని దాని క్రింద యజమాని సొంత బీడు తప్ప మరేమియు లేదు. మొదటిది హెచ్చు ముప్పు కట్ట. రెండవది తక్కువ ముప్పు కట్ట. మొదటి కట్ట బాగున్నది గదా యని దాని తరగతి తగ్గదు. బాగున్న కట్టను బాగుగనే ఉంచుటకు ఎక్కువ శ్రద్ధ కావలెనని ఆ తరగతి మనకు చెప్పుచున్నది.

మన కేంద్ర జలసంఘము పెద్ద ఆనకట్టలకు నాలుగు ముప్పు తరగతులను ఏర్పరచినది. అమెరికాలో మూడు తరగతులు వాడుదురు. రైతు స్వయముగ నిర్ణయించుకొనుటకు మూడు చాలును:

తక్కువ ముప్పు: కట్ట తెగినను ప్రాణనష్టము ఉండదు, పంట, గట్లు, మోటారు వంటి నష్టము యజమానికే పరిమితమగును.

మధ్యరకపు ముప్పు: ప్రాణనష్టము ఉండదని తోచును, కాని ఇతరుల పంటలు, రోడ్డు, కల్వర్టు, విద్యుత్తు స్తంభములు, పశువులు నష్టపడును.

హెచ్చు ముప్పు: కనీసము ఒక్క ప్రాణమైనను పోవు అవకాశము కలదు.

"కనీసము ఒక్క ప్రాణము" అను మాటను గమనించుడు. పది మంది అక్కరలేదు. ఒక గుడిసె, అందులో ఒక ముసలమ్మ చాలును. ఆ కట్ట మొదటి తరగతి నుండి మూడవ తరగతికి చేరును.

3. మీ కుంటలో నీటి బరువు ఎంత?

చిన్న కుంట గదా యని తేలికగ తీసికొనువారు ఈ లెక్క ఒకసారి వేసి చూడవలెను. కుంట నిండినప్పుడు నీరు పరచుకొను శిఖము ఎన్ని ఎకరములో చూచి, దానిని కట్ట వద్ద గల గరిష్ఠపు లోతు అడుగులతో గుణించి, వచ్చిన దానిలో పదింట నాలుగు పాళ్ళు తీసికొనుడు. అది ఎకరపు అడుగులలో సుమారు నిలువ.

3 ఎకరముల శిఖము, 10 అడుగుల లోతు గల కుంటకు: 3ను 10తో గుణించిన 30, అందు పదింట నాలుగు పాళ్ళు 12 ఎకరపు అడుగులు. ఒక ఎకరపు అడుగు అనగా 12 లక్షల 33 వేల లీటర్లు. కాబట్టి ఆ కుంటలో సుమారు 148 లక్షల లీటర్ల నీరు, 14,800 టన్నుల బరువు ఉన్నది. 5,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లతో తోలినచో దాదాపు 3,000 ట్యాంకర్లు.

గండి పడినప్పుడు ఈ నీరు ఇరువది నిమిషములలో ఖాళీ అయినదనుకొన్నచో, సగటున 435 క్యూసెక్కుల వరద అగును. గండి బాగుగ తెరచుకొన్న నిమిషములలో అంతకంటె ఇంకను ఎక్కువ వచ్చును. మోకాలి లోతు నీరైనను వేగముగ పారునప్పుడు మనిషిని పడద్రోయగలదు. కనుక "మా కుంట చిన్నది" అను మాట మీద ఆధారపడరాదు.

2018 మే 9 రాత్రి కెన్యా దేశములోని సొలాయి అను చోట ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రపు మట్టికట్ట తెగి, నలువది మందికి పైగా చనిపోయినారు. అది సర్కారు ఆనకట్ట కాదు. పంటల సాగుకు నీరు నిలువ చేసికొన్న సొంత కట్టయే. దిగువ ఇండ్లలోని వారు ఆ రాత్రి వేళ తప్పించుకొనలేకపోయిరి.

4. తరగతిని నిర్ణయించు విధము

ఇందుకు యంత్రము అక్కరలేదు. ఒక ఉదయము కాగితము, పెన్సిలు తీసికొని, కట్ట వద్ద బయలుదేరి నీరు పారు దారి వెంట దిగువకు నడచుడు. ఆ దారి పెద్ద చెరువులోనో, వాగులోనో కలియు వరకు నడువవలెను. చిన్న కుంటలకు ఇది సామాన్యముగ ఒకటి రెండు కిలోమీటర్లు ఉండును. నడచునప్పుడు ఈ క్రిందివి వ్రాసికొనుడు:

ఇండ్లు, గుడిసెలు, బడి, అంగన్వాడి, గుడి. కోళ్ళ షెడ్లు, గొర్రెల దొడ్లు, వాటివద్ద రాత్రి పండుకొను మనుషులు. బాటలు, కల్వర్టులు, రాత్రిపూట బండ్లు పోవు రోడ్లు. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటారు షెడ్లు. దారిలో గల ఇతర కుంటలు, చెరువులు.

ఇందు రెండు సంగతులు సులభముగ మరపునకు వచ్చును. మొదటిది, కాలమును బట్టి వచ్చు మనుషులు. నాట్లకు వచ్చిన కూలీలు జూలై, ఆగస్టు మాసములలో పొలముల వద్ద షెడ్లలో ఉందురు. చెరకు నరుకు కూలీలు కుంట ఇంకను నిండియుండగనే వచ్చి వాగు ఒడ్డున గుడిసెలు వేసికొందురు. వేసవిలో నడచినవానికి వీరెవ్వరును కనబడరు. కావున వానకాలమున ఒకసారి, చెరకు నరకునప్పుడు ఒకసారి నడువవలెను.

రెండవది, గొలుసుకట్టు. మన తెలంగాణలో కాకతీయుల కాలమునుండి చెరువులు ఒకదాని క్రింద ఒకటిగ ఉన్నవి. పై చెరువు మత్తడి క్రింది చెరువును నింపును. పై కట్ట తెగినచో క్రింది కట్టపై ఆ నీరంతయు ఒక్కసారిగ పడును. 2021 నవంబరు 19న కడప జిల్లాలో జరిగినది ఇట్టిదే. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగగా, ఆ నీరు కూడ వచ్చి పడి, చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినది. దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. కనుక మీ కుంట క్రింద ఊరి చెరువు ఉన్నచో, ఆ చెరువు క్రింది ఇండ్లు కూడ మీ లెక్కలోనికి వచ్చును.

తరగతి శాశ్వతము కాదు. పదేండ్ల క్రితము బీడుగ ఉన్న చోట నేడు ఇండ్లు లేచియుండవచ్చును. మీ కట్ట ఒక అంగుళమైన మారలేదు. అయినను దాని తరగతి మారినది. ఏటేటా ఒకసారి నడచి మరల నిర్ణయించుడు.

5. మట్టికట్టలు తెగుటకు కారణములు

మట్టికట్టలు ముఖ్యముగ మూడు విధముల చెడును.

మొదటిది, నీరు కట్టపైగా పొర్లుట. రాతికట్ట కొంతసేపు ఓర్చుకొనును, మట్టికట్ట ఓర్వదు. వెలుపలి వాలుపై పారిన నీరు మన్నును కోసి, కట్ట పైభాగమును తినివేయును. అలుగు చాలకపోవుట, అలుగుకు అడ్డము పెట్టుట, కట్ట పైభాగము ఒకచోట క్రుంగుట దీనికి కారణములు.

రెండవది, బుంగ. కట్ట లోపలి నుండి నీరు సన్నని దారి చేసికొని, మన్నును కొంచెము కొంచెముగ మోసికొనిపోయి, చివరకు సొరంగమగును. తూము గొట్టము ప్రక్కన, చెట్ల వేళ్ళు కుళ్ళిన చోట, పందికొక్కుల బొరియలలో ఇది మొదలగును. 2019 జూలై 2 రాత్రి మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే కట్ట తెగి ఇరువది మంది వరకు మరణించిరి. కట్ట కారుచున్నదని గ్రామస్థులు అంతకు ముందే చెప్పియుండిరి. ఎండ్రకాయలు చేసిన బొరియలే కారణమని అప్పట్లో ఒక వాదన కూడ బయలుదేరినది. ఎండ్రకాయ ఒక్కటే అంత కట్టను తెంచగలదా యన్నది వేరు మాట. బొరియను చూచియు పూడ్చకున్న మనిషి తెంచగలడు.

మూడవది, వాలు జారుట. కట్ట నిటారుగ వేసినను, నానియున్న కట్ట లోపలి నీటిని ఒక్కసారిగ తోడివేసినను, కట్ట పెళ్ళలు పెళ్ళలుగ జారును. కావున చేపలు పట్టుటకై కుంటను ఒకటి రెండు రోజులలో ఖాళీ చేయరాదు, నిదానముగ తగ్గించవలెను.

6. అలుగు లెక్క

అలుగు కట్టకు ప్రాణము. దాని వెడల్పును కన్నుతో అంచనా వేయక లెక్కతో నిర్ణయించవలెను. ఈ లెక్క మన కొలతలలో మిక్కిలి సులభము. ఒక ఎకరముపై గంటకు ఒక అంగుళము చొప్పున వాన కురిసి అంతయు పారినచో, ఆ ప్రవాహము ఒక క్యూసెక్కు.

మీ కుంటకు 100 ఎకరముల నీరు దిగుననుకొనుడు. గట్టివాన గంటకు 4 అంగుళముల చొప్పున పడి, అందు సగము నేలలో ఇంకి సగము పారినచో, 200 క్యూసెక్కులు అలుగుకు వచ్చును. నేల అప్పటికే నానియున్నచో సగముకంటె ఎక్కువే పారును.

చదునైన అలుగుపై నీరు ఒక అడుగు మందమున దుమికినచో, ప్రతి అడుగు వెడల్పుకు సుమారు 3 క్యూసెక్కులు పోవును. ఒకటిన్నర అడుగుల మందమైనచో సుమారు 5½ క్యూసెక్కులు పోవును. కావున 200 క్యూసెక్కులకు ఒకటిన్నర అడుగుల మందమున 36 అడుగుల వెడల్పు అలుగు కావలెను. అలుగు మట్టము నుండి కట్ట పైభాగము 3 అడుగుల ఎత్తున ఉండవలెను. అందు ఒకటిన్నర అడుగు నీటికి, మిగిలిన ఒకటిన్నర అడుగు అలలకు, క్రుంగుదలకు.

ఇప్పుడు మరియొక అడుగు నీరు నిలుపుదమని అలుగుపై రెండు వరుసల ఇసుక బస్తాలు వేసినామనుకొనుడు. బస్తాలపై ఒకటిన్నర అడుగుల నీరు దుమికినచో మొత్తము రెండున్నర అడుగులు. కట్టకు అర అడుగే మిగిలినది. గాలి వీచినచో అల పైకి ఎక్కును. దానికి తోడు, చేపలు పోకుండ వల కట్టినాము. వలకు తూటాకు, గుర్రపుడెక్క చుట్టుకొని సగము వెడల్పు మూసికొన్నది. మిగిలిన 18 అడుగులలో 200 క్యూసెక్కులు పోవలెనన్నచో బస్తాలపై 2.4 అడుగుల నీరు కావలెను. బస్తాల అడుగుతో కలిపి 3.4 అడుగులు. కట్ట ఎత్తు 3 అడుగులే. అనగా నీరు కట్టపైగా పోవుచున్నది. కట్టలో దోషము లేదు, వానలో దోషము లేదు. దోషము బస్తాలది, వలది.

ఇది ఊహ మాత్రము కాదు. అమెరికాలో జాన్స్‌టౌన్ పట్టణమునకు ఎగువన సౌత్ ఫోర్క్ అను మట్టికట్ట ఉండెడిది. ధనవంతుల వేట, చేపల క్లబ్బు ఒకటి దానిని కొన్నది. బండ్లు పోవుటకై కట్ట పైభాగమును తగ్గించిరి. అలుగుకు అడ్డముగ చేపల జాలీలు బిగించిరి. అడుగున ఉండవలసిన నీటి గొట్టములు అంతకు ముందే తీసివేయబడగా, వాటిని తిరిగి పెట్టలేదు. 1889 మే 31న పెద్దవాన వచ్చినది, కట్ట తెగినది, 2,209 మంది మరణించిరి.

మరి ఎంత వానకు లెక్క కట్టవలెను? చిన్న ఆనకట్టలకు నూరేండ్ల వరదను తట్టుకొను అలుగు ఉండవలెనని 1985 నాటి భారత ప్రమాణము చెప్పుచున్నది. మన కుంటలు ఆ ప్రమాణపు కొలతలకంటె కూడ చిన్నవి. అయినను హెచ్చు ముప్పు కట్టకు ఆ నియమమునే పాటించుట క్షేమము. నూరేండ్ల వరద అనగా నూరేండ్లకొకసారి వచ్చునని కాదు. ఏ సంవత్సరమైనను నూటికి ఒక పాలు రాగల వరద అని. ముప్పది యేండ్లలో అది ఒక్కసారియైన వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. హెచ్చు ముప్పు కట్ట అయినచో అలుగు కొలతలను నీటిపారుదల శాఖ ఇంజనీరుకు చూపి సరిచూచుకొనుడు.

7. మన్ను, వాలు, గట్టిదనము

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనము ఒకటి కలదు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము చెప్పుచున్నది. కట్ట నుండి నీరు కారుట, చవిటి నేల ఆ దోషములలోనివి. ఆరు వందల ఏండ్లకు పైబడినను ఆ రెండు దోషములు నేటికిని దోషములే.

చౌడు మన్ను ఎండినప్పుడు గట్టిగ ఉండి, నీరు తగిలినంతనే పాలవలె విరిగిపోవును. దీనిని పరీక్షించుట సులభము. గాజు గ్లాసులో వాన నీరు పోసి, చిక్కుడు గింజంత మట్టి పెళ్ళను మెల్లగ వదలుడు. కదపకుండ పది నిమిషములు చూడుడు. పెళ్ళ చుట్టును పొగమబ్బు వలె తెల్లని కలక లేచినచో ఆ మన్ను కట్టకు పనికిరాదు. బోరు నీటితో ఈ పరీక్ష చేయరాదు. అందలి లవణములు కలకను అణచివేయును.

నల్లరేగడి నీటిని ఆపును గాని ఎండలో నెర్రెలు విచ్చును. దానిని కట్ట నడుమ వాడి, పైన, వెలుపల మొరముతో కప్పవలెను. కట్ట క్రింద నేలలోనికి గట్టి పొర దొరకు వరకు కందకము త్రవ్వి, బంకమన్నుతో నింపి గట్టిపరచవలెను. మన్నును అరడుగు మందపు పొరలుగ పోసి, ప్రతి పొరను తడిపి రోలరుతో తొక్కించవలెను. పిడికిట పట్టిన మన్ను ముద్ద కావలెను గాని చేతికి అంటరాదు; అది సరియైన తడి. జేసీబీతో కుప్పగ పోసి వదలిన కట్ట, కట్ట కాదు; మట్టి కుప్ప.

లోపలి వాలు ఒక అడుగు ఎత్తుకు రెండున్నర నుండి మూడు అడుగులు, వెలుపలి వాలు రెండు అడుగులు ఉండవలెను. 10 అడుగుల కట్టకు పైభాగపు వెడల్పు 8 అడుగులకు తగ్గరాదు. క్రొత్త కట్ట క్రుంగును గనుక ఎత్తున పదింట ఒక పాలు అదనముగ వేయవలెను. వాలుపై గడ్డి పెంచుడు. తుమ్మ, సర్కారు తుమ్మ చెట్లను లేతగ నున్నప్పుడే పెరికివేయుడు. పెద్దవైన చెట్లను వానకాలమున పెకలించరాదు. వేసవిలో వేళ్ళతో తీసి, గుంతను పొరలు పొరలుగ పూడ్చవలెను.

8. ఎప్పుడెప్పుడు చూడవలెను?

రోహిణి కార్తెలో: కట్ట పొడవునా నడచి బొరియలు, నెర్రెలు, క్రుంగిన చోట్లు పూడ్చవలెను. తూము తలుపు ఎత్తి దింపి చూడవలెను. అలుగును, దాని క్రింది కాలువను శుభ్రము చేయవలెను.

మృగశిర నుండి స్వాతి వరకు: హెచ్చు ముప్పు కట్టను వారమునకు ఒకసారి, గట్టివాన పడిన ప్రతిసారియు, మధ్యరకపు దానిని పదునైదు రోజులకు, తక్కువ ముప్పు దానిని నెలకు ఒకసారి. కుంట మొదటిసారి నిండునప్పుడు ఏ తరగతియైనను రోజూ చూడవలెను.

వెలుపలి అడుగున ఊట ఉన్నచో భయపడనక్కరలేదు. చాల కట్టలకు కొంత ఊట ఉండును. కాని ఊట నీటిని సీసాలో పట్టి చూడుడు. తేటగ ఉండి, పెరుగకున్నచో గమనించుచు ఉండుడు. మట్టి రంగుగ ఉన్నను, ఒక్కసారిగ పెరిగినను, కట్ట లోపలి మన్ను బయటికి వచ్చుచున్నదని అర్థము. అది ఆపద.

చూచిన ప్రతిసారి తేదీ, నీటి మట్టము, ఊట, చేసిన పని ఒక నోటు పుస్తకములో వ్రాయుడు.

9. ఆపద వేళ

మొదట మనుషులు, తరువాత కట్ట. దిగువ ఇండ్లకు కబురు పంపిన తరువాతనే పార పట్టవలెను. ఆ ఇండ్ల ఫోను నంబర్లు, సర్పంచి, తహసీల్దారు, నీటిపారుదల ఇంజనీరుల నంబర్లు ముందుగనే ఒక కాగితముపై వ్రాసి, మోటారు షెడ్డు గోడకు అంటించుడు. అత్యవసర సహాయమునకు 112 నంబరు కలదు. రాత్రివేళ ఎవరు ఏ ఇంటి తలుపు తట్టవలెనో, వారు ఏ మెరకకు పోవలెనో వానకాలమునకు ముందే మాటలాడుకొనవలెను. కట్ట తెగునప్పుడు ఆలోచించుట ఇల్లు కాలునప్పుడు నుయ్యి త్రవ్వుటయే.

తరువాత తూము తెరచి, మోటార్లు పెట్టి నీటిని తగ్గించుడు. అలుగుపై అడ్డములన్నియు తీసివేయుడు. కట్టపై ఎక్కడైన క్రుంగియున్నచో బస్తాలతో ఎత్తు సమము చేయుడు. వెలుపల మట్టినీరు ఉబుకుచున్నచో దానిని బంకమన్నుతో బిగించరాదు. నీరు మరియొక చోట పొడుచుకొని వచ్చును. ఉబుకుచున్న చోట ముతక ఇసుక, దానిపై కంకర, దానిపై రాళ్ళు పరచుడు. అప్పుడు నీరు పోవును గాని మన్ను పోదు. చుట్టును బస్తాలతో వలయము కట్టినచో ఒత్తిడి తగ్గును. గండి కొట్టి నీరు వదలుదమని కట్టను ఎన్నడును కోయరాదు.

గండి విస్తరించుచున్నప్పుడు కట్టపై ఎవరును నిలువరాదు. కట్ట మరల వేసికొనవచ్చును.

10. బాధ్యత

ప్రైవేటు చెరువుల విషయమై మన తెలుగునేలపై పుట్టిన ఒక దావా ప్రసిద్ధమైనది. చిత్తూరు జిల్లా కార్వేటినగరము జమీందారు ఏలుబడిలోని చెరువులు వరదకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ దారిని, వంతెనలను నష్టపరచినవి. కంపెనీ దావా వేసినది. నీరు నిలువ చేసినవాడు ఏమి జరిగినను నష్టము చెల్లించవలెనను ఇంగ్లండు నియమమును ఇక్కడ కూడ వర్తింపజేయుమని వాదించినది. 1874లో లండనులోని ప్రీవీ కౌన్సిలు దానిని ఒప్పుకొనలేదు. ఈ దేశమున చెరువులు ప్రజల జీవనాధారము, వాటిని కాపాడుట జమీందారు విధి. తగిన జాగ్రత్త తీసికొననప్పుడు మాత్రమే అతడు బాధ్యుడగును అని తీర్పు చెప్పినది. అజాగ్రత్త రుజువు కాలేదు గనుక జమీందారు గెలిచెను.

ఆ తీర్పును రైతు ఒక విధముగ మాత్రమే చదువరాదు. జమీందారును కాపాడినది అతని హోదా కాదు, జాగ్రత్త. అలుగుపై బస్తాలు వేసి, మట్టినీరు కారుచుండగ ఊరకున్నవానికి ఆ తీర్పు అండ కాజాలదు. పైన చెప్పిన నోటు పుస్తకము మీ జాగ్రత్తకు సాక్ష్యము. అంతకంటె ముఖ్యముగ, ఆ పుస్తకము వ్రాయువాని కట్ట సామాన్యముగ తెగదు. ఏలనన వ్రాయుటకై అతడు కట్టపై నడచుచున్నాడు.

సారాంశము

నీరు పారు దారి వెంట నడచి మీ కట్ట తరగతి నిర్ణయించుడు. ఏటేటా మరల నడువుడు. అలుగును లెక్కతో కట్టుడు. దానికి వల, బస్తా అడ్డము పెట్టకుడు. చౌడు మన్ను వాడకుడు. పొరలు పొరలుగ తొక్కించుడు. బొరియలను, చెట్లను రోహిణిలోనే చూచుకొనుడు. ఊట రంగును కనిపెట్టుడు. దిగువ ఇండ్ల నంబర్లు గోడపై ఉంచుడు.

కుంట నీరు మీ పొలమునకు పారును. కుంట కట్ట క్రింద మీ పొరుగువాడు నిద్రించును. ఈ రెండింటిని కలిపి చూచుకొన్నవాడే ఆ కుంటకు నిజమైన యజమాని.